రెండో చిన్న గ్లాసు

డాక్టర్ చెప్పింది మహిపాల్‌కు బాగానే అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా లేకుండా అర్థమైంది.

ఎల్‌బీ నగర్ ఆసుపత్రిలో అక్క సుమిత్రమ్మ డయాలసిస్ మంచం మీద ఉండగా, డాక్టర్ అతన్ని బయటికి పిలిచాడు. కిడ్నీలు చెడ్డాక ఆమె మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఏళ్ల తరబడి అతిగా పనిచేసి ఉబ్బి, ఎముకలను గుల్ల చేస్తున్నాయి. వాటి కణాల్లో జన్యువులే మారినట్టున్నాయి, ఇక మందుకు లొంగవు. ముందు వాటిని తీసేయాలి, తరువాత కిడ్నీ మార్చాలి.

కిడ్నీ ఇస్తానన్నది మహిపాలే. ఈ జన్యువుల మార్పు మా ఇంట్లో అందరికీ ఉంటుందా అని అడిగాడు. పుట్టుకతో వచ్చింది కాదు, ఆ గ్రంథుల్లోనే పుట్టిన మార్పు, మీకేం భయం లేదన్నాడు డాక్టర్. ఆ మాటకు ప్రాణం ఉసూరుమనడం మహిపాల్ గమనించాడు. అతను అడిగింది వేరే జవాబు కోసం.

అక్కను బండి మీద వెనక కూర్చోబెట్టుకుని కొత్తపేటకు వస్తూ దారంతా మాటలు కూర్చుకున్నాడు. ఆమె ఇంటికి చేరాక చెప్పాడు.

"జీన్స్ మారినయంట అక్కా. మనింట్ల ఉన్నదే అయి ఉంటది. నాకు గూడ ఉండొచ్చు. ఇగ నేనెట్లిస్త?"

ఏడిస్తే ఏమనాలో, తిడితే ఏమనాలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"నాది పోనీ. నువ్వు జర పైలం తమ్మీ," అంది.

ఆదివారం అన్నానికి పిలిచింది. తన పథ్యమే అతనికీ పెట్టింది, పప్పులో ఉప్పు లేదు. పచ్చడి జాడీని తన వెనక పెట్టుకుంది. చిన్నప్పుడు పచ్చడి లేకపోతే కంచం తోసేసేవాడివని నవ్వింది. కంచం పక్కన చిన్న స్టీలు గ్లాసు ఉంది. డయాలసిస్ మొదలయ్యాక నీళ్లు ఎక్కువ తాగొద్దన్నారని, రోజంతా కొలుచుకుని తాగడానికి ఆమె వాడే గ్లాసుకు అది జత. రేపు పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో అతనికి రక్తపరీక్ష చేయించాలట, తానూ వెంట వస్తుందట.

పరీక్షలో ఏమీ ఉండదు. ఏదో ఒకటి ఉంటే బాగుండునని అతను కోరుకున్నాడు. ఆ కోరిక తనదేనని గుర్తుపట్టేసరికి కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు. గ్లాసు ఎత్తాడు. రెండు గుక్కలకు అయిపోయింది. బయట మే నెల ఎండ. మూలన తడిగుడ్డ చుట్టిన కుండ.

"ఇంకిన్ని నీళ్లు పొయ్యి అక్కా."

"ఓర్సుకో. నేను ఓర్సుకుంటలేనా?"

అతను తల ఎత్తలేదు. "నాకేం లేదు. డాక్టర్ గదే చెప్పిండు. గది నీ గొంతుల గడ్డలల్లనే పుట్టిందంట, మనింట్లది కాదంట. భయమై అట్ల చెప్పిన. ఇయ్యగల్గుతనో లేదో ఇప్పటికీ తెల్వది."

సుమిత్రమ్మ గోడ పట్టుకుని, ఎముకల నొప్పికి ఆగి ఆగి, లేచింది. కుండలో చెంబు ముంచి నిండుగా తెచ్చి అతని ముందు పెట్టింది.

"తాగు."

పొద్దుటి నుంచి ఆమె తాగింది అర గ్లాసే. అతను చెంబెత్తి తాగుతుంటే కదులుతున్న అతని గొంతు వైపే చూస్తూ కూర్చుంది. దాహం ఎప్పుడో తీరింది. చెంబు దించి ఆమె ముఖం చూసే ధైర్యం లేక, అతను తాగుతూనే ఉన్నాడు.