లేడీ ఆరబెల్లా ఆరుగురు కూతుళ్ళు

అమృతకు ఆ రోజు పొద్దున్నే ఒళ్ళు మండింది. మండించినవాడు రెండు వందల ఏళ్ళ కిందటే పోయిన ఒక ఇంగ్లీషు ప్రభువు. ఆయన్ని ఇప్పుడు ఏమీ చేయడానికి లేదు కనుక, ఆ కోపమంతా టొరంటో మ్యూజియంలో తన పై అధికారి క్లేర్ మీదికి మళ్ళింది.

ఆ ప్రభువు భార్య లేడీ ఆరబెల్లా. పదిహేడేళ్ళకు పెళ్ళయింది. పందొమ్మిదేళ్ళలో తొమ్మిది కాన్పులు, తొమ్మిదో కాన్పులో ప్రాణం పోయింది. మునిమనవడొకడు కెనడాలో స్థిరపడుతూ ఆమె ఉత్తరాల పెట్టె వెంట తెచ్చుకున్నాడు. ఆ ఉత్తరాలనే ఇప్పుడు ప్రదర్శనకు పెడుతున్నారు. ఆర్నెల్లుగా అమృత వాటిని చదివి కంప్యూటర్‌కెక్కిస్తోంది. కూతుళ్ళలో చిన్న ఫ్యానీకి పళ్ళొస్తున్నాయనీ, లూయిసా గుర్రం దిగనంటోందనీ, మశూచితో పోయిన ఆన్ గౌను బీరువాలోంచి తీయడానికి చేతులు రావడం లేదనీ ఆవిడ రాసుకుంది. తీరా గోడకు పెట్టబోయే వంశవృక్షంలో చూస్తే ముగ్గురు కొడుకుల పేర్లు, బిరుదులు, పుట్టిన తేదీలు. పక్కన ‘ఆరుగురు కుమార్తెలు’ అని ఒక్క ముక్క, చాకలి పద్దులో చీరలు రాసినట్టు.

ప్రభువుగారి కుటుంబం రాయించిన అసలు పత్రంలో అలాగే ఉందని, బోర్డు మీద చోటు కూడా లేదని క్లేర్ అంది. చోటు లేకపోతే ఆయన బిరుదులు తగ్గించమంది అమృత. తొమ్మిదిమందిని కన్న మనిషి ముగ్గురినే కన్నట్టు చూపించడం అబద్ధమని, ఆ అబద్ధాన్ని తన చేత్తో అచ్చుకు పంపేది లేదని గొంతు పెంచి మరీ చెప్పింది. ఉద్యోగం ఊడితే ఊడనీ అనుకుంది. మధ్యాహ్నానికి క్లేర్ దిగివచ్చింది. ఆరు పేర్లూ బోర్డెక్కాయి.

కోపం పూర్తిగా చల్లారకుండానే సాయంత్రం రిచ్‌మండ్ హిల్‌లో ఇల్లు చేరింది. హాల్లో మామగారు కాశీవిశ్వనాథంగారు కొత్త ఫ్రేము గోడకు తగిలించి, వంకర ఉందేమోనని వెనక్కి జరిగి చూసుకుంటున్నారు. ఏడు తరాల వంశవృక్షం. పదకొండేళ్ళ కూతురు చరిత దాని ముందు నిలబడి కింది వరసల్లో వేలు పెట్టి వెతుకుతోంది. నాన్న జయదేవ్ పేరుంది. దాని కింద తమ్ముడు సాయి తేజ పేరుంది.

“వేర్ యామ్ ఐ, తాతా?”

ఆయన నవ్వి దాని తల నిమిరారు. “ఆడపిల్లల్ని ఇందులో రాయరు తల్లీ. నీ పేరు రేపు మీ అత్తవారి వంశంలో ఉంటుంది.”

అమృతకు అరికాలి మంట నెత్తికెక్కింది. హ్యాండ్‌బ్యాగ్ సోఫాలో పడేసింది.

“నేను ఈ ఇంటికి కోడల్నే కదా మామయ్యగారూ. నా పేరు ఎక్కడుందో చూపించండి.”

ఆయన ఫ్రేము వైపు చూశారు. ఉంటే కదా చూపించడానికి. పుట్టింటివాళ్ళు రాయించిన దాంట్లోనూ తను లేదని అమృత చెప్పింది. అక్కడా లేక ఇక్కడా లేక, ముప్పై తొమ్మిదేళ్ళుగా తను ఏ గాలిలో బతుకుతోందని అడిగింది. రెండుసార్లు కోయించుకున్న కడుపు తనదైతే, ఈ కాగితం చూస్తే సాయి తేజ జయదేవ్ మోకాల్లోంచి ఊడిపడ్డట్టుందని అంది. ఇంత మాట ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ అనలేదు.

ఆయన కోప్పడలేదు. అది ఆమెకు ఇంకా మంటగా ఉంది. నిజంగానే అర్థం కానట్టు ఆయన నెమ్మదిగా అడిగారు.

“నా డెబ్భయ్యో పుట్టినరోజు పుస్తకానికి దీన్ని టైప్ చేసింది నువ్వే కదమ్మా. నా నోటుబుక్కులో తేదీలు తప్పుంటే దిద్దింది కూడా నువ్వే. అప్పుడేమీ అనలేదే.”

నిజమే. రెండేళ్ళ కిందట మూడు రోజులు కూర్చుని, ముత్తాతల పేర్లలో ఒక్క అక్షరదోషం లేకుండా చూసింది. చుట్టూ మామిడాకుల అంచు తనే వేసింది. కింద సాయి తేజ పేరు టైప్ చేసి ఫైల్ సేవ్ చేసినప్పుడు చరిత అదే టేబుల్ దగ్గర హోంవర్క్ చేసుకుంటోంది. కూతురి పేరు రాయవద్దని ఎవరూ అనలేదు. రాయాలని తనకే తోచలేదు.

చరిత ఫ్రేము మీంచి వేలు తీసి తల్లి వైపు తిరిగింది.

“యూ టైప్డ్ దిస్, అమ్మా?”

“అవును, నేనే,” అంది అమృత.