మూడో నంబరు మంచం ఎదుట ఖాళీ

ఆసుపత్రి రికార్డుల గదిలో ఉద్యోగానికి చేరిన నాలుగో రోజు పొద్దున్నే, బాబాయ్ కంప్యూటర్ తెరకు పెట్టుకున్న రంగులన్నీ ఆమె కడిగేసింది.

బాబాయ్ అంటే సొంత బాబాయ్ కాదు. ఇరవై రెండేళ్లు అక్కడి డేటాబేస్‌ను కంటికి రెప్పలా చూసుకుని, పోయిన వారం రిటైరైన మనిషి. అందరికీ బాబాయే. కమాండ్లు టైపు చేసి రోగుల వివరాలు రాబట్టే ఆయన నల్ల తెర సర్కస్ డేరాలా ఉండేది. పసుపు అక్షరాలు, ఊదా గీతలు, వరుసవరుసకీ డబ్బాలు. సెట్టింగుల ఫైల్లో పదిహేను లైన్లున్నాయి. ఏది ఎందుకో ఒక్క ముక్క రాసిపెట్టలేదు. ఆమె పదిహేనూ పీకేసింది.

పదింటికి వార్డుల కంప్యూటర్లు మొరాయించాయి. థియేటర్ సిస్టర్ స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మాయ్, ఇవాళ ఆపరేషన్లున్నవాళ్ల లిస్టు తీసివ్వు. ఎవరికి ఏ మందు పడదో ఆ కాలమ్ తప్పకుండా ఉండాలి."

"కూర్చోండి సిస్టర్, రెండు నిమిషాలు."

"కూర్చోవడం నా జాతకంలో లేదులే."

లిస్టులో తొమ్మిది మంది. పడని మందుల కాలమ్‌లో ఇద్దరికే ఏదో రాసి ఉంది. "మిగతా ఏడుగురికీ ఏ గొడవా లేదన్నమాట" అంటూ సిస్టర్ కాగితం పట్టుకుని చకచకా వెళ్లిపోయింది.

సర్వర్ గది తాళంచెవి ఎక్కడుందో అడగడానికి ఆమె బాబాయ్‌కి ఫోన్ చేసింది.

"కిటికీ పక్కన మేకుకుంది. నా సీటు కుదురుగా ఉందా?"

"సీటు బాగానే ఉంది బాబాయ్. మీ సర్కస్ డేరా మాత్రం ఎత్తేశాను. కళ్లు జిగేల్మంటున్నాయి."

ఆయన నవ్వాడు. "ఎత్తెయ్, ఎత్తెయ్. చివరి లైను ఉంచావుగా?"

"అదీ తీసేశాను."

నవ్వు ఆగిపోయింది. "ఖాళీలు రెండు రకాలమ్మా. అడిగితే ఏమీ లేదన్నవాళ్లది ఒకటి. అసలెవరూ అడగనివాళ్లది ఇంకొకటి. ఆ తేడా డేటాబేస్‌కి తెలుసు. తెర మీదే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే రెండోవాళ్ల దగ్గర 'అడగలేదు' అని చూపించేలా ఆ లైను పెట్టుకున్నా."

ఆమె ఫోను పక్కన పెట్టి, ఆయన చెప్పినట్టే లైను మళ్లీ రాసి లిస్టు తీసింది. ఆరు ఖాళీలు ఖాళీగానే వచ్చాయి. ఏడోది మూడో నంబరు మంచం. దాని ఎదుట 'అడగలేదు' అని ఉంది. ఆపరేషన్ పదిన్నరకి. గడియారంలో పది ఇరవై రెండు.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ మీద ఒక ముసలాయన. పక్కన సిస్టర్, చేతిలో యాంటీబయాటిక్ నింపిన సిరంజి.

"సిస్టర్, ఆగండి. ఈయన్ని ఎవరూ అడగలేదు."

సిస్టర్ ఒక్క క్షణం ఆమెను చూసి, ముసలాయన వైపు వంగింది. "తాతా, నీకెప్పుడైనా ఏ మందైనా పడకుండా పోయిందా?"

"పన్ను పీకించుకున్నప్పుడు ఏదో సూదేశారమ్మా. గొంతు పూడుకుపోయి చచ్చి బతికాను. ఎవరో ఒకరు అడుగుతారులే, అప్పుడు చెబుదామనుకున్నా."

సిస్టర్ సిరంజిని ట్రేలో పెట్టేసి డాక్టరు కోసం లోపలికి వెళ్లింది.

ఆమె తిరిగొచ్చేసరికి ఫోనులో బాబాయ్ ఇంకా ఉన్నాడు. జరిగింది చెప్పింది.

"నాకు తెలుసు కదా అనుకుని ఎక్కడా రాయలేదమ్మా" అన్నాడాయన. "ఆ తెర ముందు ఇన్నేళ్లూ నేనొక్కణ్ణే కూర్చున్నా."

"నేనూ అడక్కుండానే తీసేశాను." ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. "మిగతా పద్నాలుగూ ఎందుకో ఒక్కొక్కటే చెప్పండి. పక్కనే రాస్తాను. ముందు ఆ ఊదా గీతలు."

"దానికి కారణమేం లేదే. నాకు ఊదా ఇష్టం."

"సరే, అదే రాస్తాను" అంది.