సుత్తి లేచి పడేలోగా

సభలో ఎవరు మాట్లాడారో తెలియనప్పుడు "ఒక గొంతు" అని రాయడం మా షార్ట్‌హ్యాండ్ వాళ్ళ పద్ధతి. పదకొండేళ్ళలో ఎన్నోసార్లు అలా రాశాను. దాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

కొత్త రాజ్యాంగం ఆమోదం పొందిన మర్నాడు పొద్దున్నే, మా విభాగం అధికారి పెద్దసారు నేను టైపు చేసిచ్చిన కాగితాన్ని నా బల్ల మీద పెట్టారు.

"ఇదేంటమ్మాయ్?"

అధ్యక్షుడు: కాదనేవాళ్ళున్నారా? (నిశ్శబ్దం.)
ఒక గొంతు: మమ్మల్ని అడగలేదు.
(అధ్యక్షుడి సుత్తి దెబ్బ.) ఏకగ్రీవంగా ఆమోదం.

"సభ్యులందర్నీ అడిగాను. ఎవరూ అనలేదట. బయటివాళ్ళని లోపలికి రానివ్వలేదు. మరెవరన్నట్టు?"

పక్క కుర్చీలో మా వదిన ఉంది. మా ఆయన అక్క. నా పది నిమిషాల వంతు అయ్యాక సభలో రాసుకునేది ఆవిడే. "మరదలే కదా అని వెనకేసుకు రావడం లేదు సార్," అంది. "దాని పక్కనే కూచున్నాను. నాకైతే ఏమీ వినబడలేదు."

"సాయంత్రానికి అచ్చుకెళ్ళాలి. ఆ వాక్యం కొట్టేసి, పొరబడ్డానని రాసివ్వు. లేదంటే తప్పుడు రికార్డు కింద ఉద్యోగం పోతుంది. కొత్త రాజ్యాంగానికి నువ్వే బోణీ."

"కొట్టెయ్యాల్సింది అధ్యక్షుడు కదా సార్?"

"సుత్తి పడగానే సభ రద్దయింది. ఆయనిప్పుడు మామూలు మనిషి."

"పాత రాజ్యాంగం?"

"అదీ అప్పుడే పోయింది."

"మరి కొత్తది చేసే అధికారం ఎక్కణ్ణుంచొచ్చింది?"

"ప్రజల దగ్గర్నుంచి."

"వాళ్ళెప్పుడొచ్చారు సార్?"

ఆయన విసుక్కోలేదు. కిటికీ వైపు తిరిగారు. "పాతది పోయి కొత్తది వచ్చే మధ్యలో. సుత్తి లేచి పడేంత సేపు."

నిన్న నాకు ఆ గొంతు వినబడింది సరిగ్గా ఆ కాస్త సేపట్లోనే.

ఉద్యోగం పోతుందన్న భయం కింద ఇంకో భయం ఉంది. ఒకరి మాటలు రాయడానికి అలవాటు పడ్డ చెయ్యి మనసు కోసం ఆగదు. ముందు రాసేస్తుంది, తర్వాత మనకి తెలుస్తుంది. ఆ వాక్యం చెవిలోంచి వచ్చిందో, నాలోంచే వచ్చిందో చెప్పలేను. గొంతు మాత్రం నాదిలాగే ఉంది.

"చెప్తాను, రాసుకో," అన్నారు సారు.

రాశాను. అలవాటు కొద్దీ తిరిగి చదివి వినిపించాను: "నేను పొరబడ్డాను. సభలో అటువంటి మాట ఎవరూ అనలేదు. ప్రజల పేరు మీద ఆ వాక్యం కొట్టివేయడమైనది. మమ్మల్ని అడగలేదు."

"చివరిది నేననలేదు," అన్నారు సారు.

"అన్నారు సార్," అంది వదిన నెమ్మదిగా. "ఈసారి నేనూ విన్నాను. మీ గొంతే."

ఆయన కలం తీసి, టైపు కాగితం మీద ఆ వాక్యం మొదట్లో ఆనించారు. కలం కదల్లేదు. సిరా అక్కడే చుక్కై పెరుగుతోంది.

"ఎవరి తరఫున కొట్టేస్తున్నారు?"

ముగ్గురం ఒకరి పెదాల వైపు ఒకరం చూసుకున్నాం. ఎవరివీ కదల్లేదు.

సారు కలానికి మూత పెట్టారు. కాగితాన్ని ఉన్నదున్నట్టే మడిచి, అచ్చుకు పోయే కవర్లో దూర్చారు. వదిన తన నోటు పుస్తకం తెరిచింది. నేనూ తెరిచాను. ఇద్దరం ఒక్కసారే, కొత్త వరసలో రాసుకున్నాం: ఒక గొంతు.