మునిగినవారికి చోటు లేదు

పెట్టె గేటు దగ్గరికి వచ్చాక తాళం వేశారు.

గుంటూరులో మే నెల మిట్టమధ్యాహ్నం. మోస్తున్న ఆరుగురూ కాళ్లు కాలి, శవపెట్టెను రోడ్డు పక్క వేపచెట్టు నీడలోకి దించారు. సమాధుల తోట లోపల, నలభై అడుగుల దూరంలో, నాన్న జెకర్యా మాస్టారి సమాధి. దాని పక్కన పొద్దున్నే తవ్విన గొయ్యి. అమ్మ దయామణి ఆఖరి కోరిక అదొక్కటే. పెద్దాసుపత్రిలో నర్సుగా ఇరవై ఏళ్లలో ఎన్నో చావులు చూసిన సలోమికి చనిపోయినవాళ్లను బయట నిలబెట్టడం మాత్రం ఇదే మొదటిసారి చూడ్డం.

"నా చేతుల్లో ఏం లేదమ్మాయ్," అన్నాడు సంఘ కార్యదర్శి గమలియేలు, తాళంచెవి లాల్చీ జేబులో వేసుకుంటూ. "మీ అమ్మగారి పేరు సంఘ పుస్తకంలోంచి కొట్టేశాం. పేరు లేనివాళ్లకి ఇక్కడ చోటు లేదు."

"నలభై ఏళ్లు మీ గుడి బల్లకి పువ్వులు పెట్టిన మనిషండీ."

"పెట్టారు, కాదన్లేదు. వెళ్లి ఆ బేత్సయిద మందిరంలో మునిగారు కూడా."

బాప్తిస్మమంటే గమలియేలు వాళ్ల లూథరన్ గుడిలో పసిపిల్లల నెత్తిన నీళ్లు చిలకరిస్తారు. బేత్సయిదలో పెద్దవాళ్లను నిలువునా ముంచుతారు. చిలకరించుకున్నవాడు మళ్లీ మునిగితే మొదటి నీళ్లకు అవమానమట. ఊళ్లో గుళ్లన్నీ దేవుడొక్కడే అంటాయి. ఆ ఒక్కడి దగ్గరికి ఎంత లోతు నీళ్లలోంచి వెళ్లాలన్న దగ్గరే తలలు పగలగొట్టుకుంటాయి.

ఇంకెక్కడైనా చోటు ఇస్తారేమోనని సలోమి ఫోను తీసింది. బాప్టిస్టు పాస్టరుగారు చాలా మర్యాదస్తుడు. "మునిగారు సరేనమ్మా, మా దగ్గర మునగలేదు కదా," అన్నాడు. కేథలిక్ గుడి ఆఫీసులో గుమాస్తా, చావుకు ముందు నూనె రాసే ఆఖరి అభ్యంగనం ఏ ఫాదరు చేశారో రాయించుకు రమ్మన్నాడు. అమ్మ రాత్రే పోయిందని చెబితే, "అయితే సోమవారం రండి," అన్నాడు.

ఆమె గేటు పక్కనే నిలబడ్డ లూథరన్ గుడి పాస్టరు బర్నబా వైపు తిరిగింది. "అమ్మ మునిగిందని మీకెవరు చెప్పారు అయ్యగారూ?"

ఆయన బైబిల్లోంచి ఒక మడత కాగితం తీసిచ్చాడు. కింద సంతకం లేదు. అమ్మ మంచాన పడ్డాక, నెల కిందట వచ్చిందట. ఆగస్టు మొదటి ఆదివారం, తెల్లవారి ఆరింటికి, బేత్సయిద మేడ మీద నీలంరంగు ప్లాస్టిక్ తొట్టిలో దయామణి మునిగిందని అందులో ఉంది.

"మంచాన ఉన్న మనిషిని ఒక్క మాటయినా అడిగారా?"

"బాధపడతారనీ..."

"అందుకని పేరు కొట్టేశారా!"

మూడో ఫోను బేత్సయిద బ్రదర్ ఎలీషాకి. ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుని నడిచే సంఘం ఆయనది.

"సిస్టర్, మాది సరాసరి పరలోకం వెళ్లే సంఘం. సమాధుల తోట పెట్టుకోలేదు," అన్నాడు. "అయినా అమ్మగారు మునగడమేంటి? నేనెంత బతిమాలినా, 'చిన్నప్పుడు పడ్డ మూడు చుక్కలు చాల్లే బాబూ' అనేశారు. ఆ రోజు తువ్వాలు పట్టుకోడానికి వచ్చారంతే."

"ఎవరికి తువ్వాలు?"

"అది చెప్పనని మాటిచ్చాను."

"ఆ రోజు మేడ మీద ఎంతమంది?"

"నేనూ, అమ్మగారూ, ఆ మనిషీ."

సలోమి ఉత్తరం మడత మళ్లీ విప్పి చూసింది. చూసినవాళ్లు ముగ్గురే. ముంచినవాడు రాయలేదు. అమ్మ తన మీద తనే రాసుకోదు.

"మీ బాప్తిస్మాల పుస్తకం పట్టుకుని పది నిమిషాల్లో రండి. లేకపోతే ఈ పెట్టె మీ స్టేజీ ముందుకొస్తుంది. సాయంత్రం స్వస్థత సభ ఉందిగా? లేపుదురుగాని."

ఎనిమిది నిమిషాల్లో స్కూటరు వచ్చి ఆగింది. ఎలీషా పుస్తకాన్ని నేరుగా బర్నబా చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు. బర్నబా పేజీ వెతికి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"చదవండి అయ్యగారూ," అంది సలోమి. "అమ్మ పేరు కొట్టేసినప్పుడు గుడంతా వినేలా చదివారటగా."

గమలియేలు చటుక్కున ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, తాళం తీస్తాను. పెట్టె లోపలికి పోనీ. ఆ పుస్తకం మూయించు. వచ్చే ఆదివారం సంఘ అధ్యక్ష ఎన్నిక, నేను నిలబడ్డాను. నా పరువు నీ చేతిలో ఉంది."

"ఇందాక మీ చేతుల్లో ఏమీ లేదన్నారే?"

అతడు తాళంచెవి తీసి ఇచ్చాడు. సలోమి దాన్ని కాపలాదారుకు విసిరింది. గేటు కిర్రుమంది. పెట్టె భుజాలకెక్కింది, గొయ్యి దాకా వెళ్లింది, తాళ్ల మీద దిగింది. గమలియేలే ముందు నిలబడి అందరికన్నా గట్టిగా పాట అందుకున్నాడు. మొదటి గుప్పెడు మట్టి కూడా తనే వెయ్యబోయాడు.

సలోమి అతడి మణికట్టు పట్టుకుంది. తనే మట్టి వేసింది. అప్పుడు బర్నబా చంకలోంచి పుస్తకం లాగి తెరిచింది.

"మాటిచ్చావు!" బుసకొట్టాడు గమలియేలు.

"నేనివ్వలేదండీ. తాళంచెవి మీరే ఇచ్చారు."

చుట్టూ వందమంది. ఎండకు గొడుగుల కిందా, కొంగుల కిందా. సలోమి వార్డులో రోగుల పేర్లు పిలిచే గొంతుతో చదివింది.

"ఆగస్టు మొదటి ఆదివారం. ఉదయం ఆరు. కడుపులో పుండు తగ్గాలని మొక్కుకుని బాప్తిస్మం. సాక్షి, తువ్వాలు పట్టినవారు, దయామణి." ఆగి, తల పైకెత్తింది. "మునిగినవాడూ, ఎన్నికల ముందు ఆవిడ నోరు విప్పుతుందని భయపడి ఆ ఉత్తరం రాసినవాడూ ఒక్కడే. సంఘ కార్యదర్శి గమలియేలు."