ముల్లంగి చేసిన నేరం

షోవా శకం రెండో యేడు, అంటే 1927లో, టోక్యోకి పుస్తకాల పిచ్చి పట్టింది. వసంతంలో బ్యాంకులు తలుపులు మూసేశాయి, జనం సొమ్ము లోపల ఇరుక్కుపోయింది, అయినా ప్రతి ఇంటివాడూ నెలకో యెన్ కట్టి గట్టి అట్టల సాహిత్య సంపుటాలు తెప్పించుకోవడమే. చదవడానికని అనుకోకండి. మా కాందా వీధి చేపలకొట్టువాడు వాటిని వరసగా పేర్చి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, ఎదురుగా నిలబడి టీ తాగేవాడు. ఏం చదివావయ్యా అంటే, ముందు అన్నీ రానివ్వండి అనేవాడు.

ఆ లావుపాటి పుస్తకాల కింద పడి నాలాంటి చిన్న అచ్చువాళ్ళు నలిగిపోయారు. నేను బడికి పోయినవాణ్ణి కాను. ట్రాము తోలుతూ అంగళ్ళ బోర్డులు చూసి చదవడం నేర్చుకున్నాను. సమ్మెలో ఉద్యోగం ఊడాక ఒక పాత అచ్చుయంత్రం సంపాదించి కార్మికుల పుస్తకాలు వెయ్యడం మొదలెట్టాను. సన్నటి పుస్తకం అమ్ముడుపోవాలంటే ఆ యేడు ఒక్కటే దారి. అందులో ఇంటూ గుర్తులు ఉండాలి.

సర్కారుకి గిట్టని మాట ఎక్కడ వచ్చినా అచ్చువాడు దాన్ని పీకేసి ఆ చోట ఇంటూలు పెట్టేవాడు. విప్లవం అని రాస్తే ×× అని అచ్చయ్యేది. సైన్యం అని రాసినా ××. పూర్వం అచ్చుకి ముందే కాగితాలు పట్టుకెళ్ళి చూపిస్తే ఏది తీసెయ్యాలో అధికారులే చెప్పేవాళ్ళు. ఆ యేడు అదీ మానేశారు. ఇక మేమే ఊహించుకుని, మేమే భయపడి, మేమే కొట్టేసుకోవాలి. దొరల పని మా చేత చేయించారు, అదీ కూలి లేకుండా. చదివేవాళ్ళు మాత్రం దానికి రుచి మరిగారు. పుస్తకం తెరిస్తే కథ చూసేవాళ్ళు కాదు, ఇంటూలు చూసేవాళ్ళు. ఎంత ఎక్కువుంటే రచయిత అంత మొనగాడు.

ఇలాంటి రోజుల్లో సుగినుమా ఒతోజిరో తన మొదటి నవల నా దగ్గరికి తెచ్చాడు. మెత్తటి మనిషి. దోమ వాలితే కొట్టడు, బతిమాలి పంపిస్తాడు. వాళ్ళమ్మ ఓకుమే సెంజు బజారులో తవుట్లో ఊరేసిన కూరగాయలు అమ్ముతుంది. నవల పేరు ‘తవుడు తొట్టి’. అందులో ఉన్నదంతా వాళ్ళమ్మే. కొడుకు తన మీద పుస్తకం రాస్తున్నాడని తెలిసిన రోజు నుంచీ, జుట్టు నెరిసిన ఆ మనిషి పక్కింటి దర్జీ కూతురి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దడం మొదలెట్టింది. తొలిమంచు పడేలోగా పుస్తకం నీ చేతిలో పెడతానని ఒతోజిరో ఆమెకి మాటిచ్చాడు.

నవల చదివాను. బాగుంది. చెమట తెలిసినవాడు రాసింది. కానీ అందులో కొట్టేయదగ్గ మాట ఒక్కటీ లేదు. ముల్లంగి, వంకాయ, తవుడు, ఉప్పు. మా రచయితల సంఘంలో పేజీలు తిప్పి చూసి పడీపడీ నవ్వారు. ఒక్క ఇంటూ కూడా లేదా, మీ అమ్మ ఉప్పెయ్యడం మర్చిపోయిందేమో కనుక్కో అన్నాడు ఒకడు. వాడు పట్టు కిమోనో కట్టుకుని ఆకలి మీద పద్యాలు రాసే రకం. పుస్తకాల షాపులవాళ్ళు కూడా ఇంటూలు లేని పుస్తకం పెట్టుకోడానికి చోటు లేదన్నారు.

మర్నాడు ఒతోజిరో మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“అన్నా, ముల్లంగి తీసెయ్.”

“ఏ పేజీలో?”

“అన్ని పేజీల్లోనూ. వంకాయ కూడా. పుస్తకమంటూ బయటికి రావాలి గదా.”

తీసేశాం. అమ్మకిచ్చే ప్రతిలో మాత్రం తర్వాత తన చేత్తో అసలు మాటలు రాసుకుంటానన్నాడు. అచ్చయి వచ్చాక చదివి, లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టొచ్చాను. “అమ్మ రోజూ పొద్దున్నే మూత తీసి ××ని కిందుమీదులు చేసేది. ఒక్కరోజు ఏమరినా ×× కుళ్ళి కంపు కొడుతుంది.” ఇంకో పేజీలో: “×××ల నెత్తిన బండరాయి ఉన్నంతకాలం వాటి ఒంట్లోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి.” మరో పేజీలో: “పండగకి ముందు అమ్మ లావుపాటి ×××లని ఏరి, బయటికి లాగి, తలలు తెగ్గోసేది.”

విద్యార్థులు ఎగబడ్డారు. షాపుల్లో వెతికితే దొరకలేదు. గదుల్లో చేరి ఇంటూల కింద ఏముందో కనిపెట్టడానికి వాదులాడుకున్నారు. తొట్టి అంటే పార్లమెంటని ఒక జట్టు, మొత్తం దేశమేనని ఇంకో జట్టు. ముసలమ్మ ఎవరన్నదాని మీద రెండు జట్లూ కొట్టుకున్నాయి. ఒతోజిరో ఒక సభలో లేచి, అయ్యా అవి ముల్లంగులండీ అని ఉన్నమాట చెప్పాడు. హాలంతా గొల్లుమంది. ఎంత జాగ్రత్తగా మాట్లాడాడో చూశారా అని చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండానే నిషేధం వచ్చింది. మిగిలిన ప్రతులన్నీ పోలీసులు ఎత్తుకెళ్ళారు. ఒతోజిరో ఇల్లు సోదా చేసి, అమ్మ కోసం గుడ్డలో చుట్టి పెట్టిన ప్రతిని కూడా పట్టుకుపోయారు. అందులో అతనింకా ఒక్క మాటా రాయలేదు. చేతిరాత కాగితాలూ పట్టుకెళ్ళారు, వాటిల్లోనూ ఆ మాటల్ని మేం అప్పుడే కనపడకుండా సిరా పూసి కొట్టేశాం. నన్నూ అతన్నీ స్టేషనుకి లాక్కెళ్ళారు. దార్లో అతను జైలు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. తొలిమంచు ఎప్పుడు పడొచ్చని అడిగాడు, అంతే.

ఇన్‌స్పెక్టరు ఇనుబుసే బక్కపల్చటి మనిషి, ఎప్పుడూ పొట్ట పట్టుకుని కూర్చునేవాడు. పుస్తకం మొత్తం శ్రద్ధగా చదివి, ప్రతి ఇంటూ పక్కనా తనకి తోచిన మాట పెన్సిలుతో రాసిపెట్టాడు. వాటిల్లో కొన్ని రాయడానికి నాకు కూడా ధైర్యం చాలదు. విప్లవ సాహిత్యంలో ఆ యేడు అంతకంటే ఘాటైన రచన రాలేదని నేను ఇప్పటికీ అంటాను. దాన్ని ముందు పెట్టి ఒక్కొక్కటే అడగడం మొదలెట్టాడు. ఒతోజిరో వంచిన తల ఎత్తకుండా ముల్లంగి అన్నాడు, వంకాయ అన్నాడు, తవుడు అన్నాడు. తలలు తెగ్గోసేది ఎవరివి అంటే, ముల్లంగికి ఆకులుండే వైపు ఉంటుంది కదండీ అన్నాడు.

“సుగినుమా, ముల్లంగి అన్న మాటకి భయపడి దాచేసి అచ్చేసినవాడి గురించి ఈ దేశంలో ఎప్పుడన్నా విన్నావా?”

“లేదండి.”

“నేనూ వినలేదు.”

అప్పుడే గుమ్మంలో గోల. ఓకుమే తోపుడుబండి మీద తవుడు తొట్టి పెట్టుకుని సెంజు నుంచి నడిచొచ్చింది. ఊరగాయల పుస్తకం రాసినందుకు కొడుకుని పట్టుకెళ్ళారని ఎవరో చెప్పారట, అయితే ఊరగాయలే చూసుకోండని తెచ్చింది. తొట్టిని గది మధ్యలో దింపించి మూత తీసింది. వాసనకి కానిస్టేబుళ్ళు కిటికీల దగ్గరికి పరిగెత్తారు. ఇనుబుసే ముక్కు మూసుకుని, ఈవిడకి ఏం కావాలో కనుక్కోండన్నాడు.

ఆమెకి పుస్తకం కావాలి. గుడ్డలో చుట్టిన ప్రతి చేతికిచ్చారు. నిలబడి, అక్షరం మీద వేలు పెట్టి, గట్టిగా కూడబలుక్కుంటూ చదివింది. అమ్మ. రోజూ. పొద్దున్నే. మూత. తీసి. అక్కడ వేలు ఆగిపోయింది.

“ఇదేం అక్షరంరా? ఆ దర్జీ పిల్ల నాకు ఇది నేర్పలేదే.”

ఒతోజిరో నేల చూపులు చూశాడు. “అది తవుడమ్మా. ఆ పక్క పేజీలోది ముల్లంగి.”

“తవుడైతే తవుడని రాయక ఎందుకు కొట్టేశావు? ముల్లంగి ఏం నేరం చేసింది?”

నేను ఎన్ని సభల్లో అరిచానో నాకే తెలీదు, ఆ ప్రశ్నంత సూటిగా ఒక్కటీ అడగలేకపోయాను. ఆమె ఇనుబుసే చేతిలో పెన్సిలు తీసుకుంది. అడిగి తీసుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కొడుకు చేత ఒక్కొక్క మాట చెప్పించుకుంటూ, ప్రతి ఇంటూ మీదా వంకరటింకర అక్షరాలతో పూరించుకుంటూ పోయింది. ఇనుబుసే భుజం మీంచి తొంగిచూస్తూ తన ప్రతితో పోల్చుకున్నాడు. ఆయన పార్లమెంటు అన్నచోట వంకాయ పడింది. ఆయన మంత్రులు అన్నచోట ముల్లంగులు పడ్డాయి. పేజీ తిరిగేకొద్దీ ఆయన మొహం పాలిపోయింది. దేశద్రోహం పట్టుకున్నానని అప్పటికే పైవాళ్ళకి చెప్పుకున్నాడు మరి.

చివరికి మెల్లిగా, మమ్మల్ని ఇంటికి పొమ్మని, ఆ ప్రతి ఆమెనే ఉంచుకోమన్నాడు. నాతో మాత్రం, మాటలన్నీ పూరించి మళ్ళీ అచ్చేస్తే అభ్యంతరం లేదన్నాడు. వెళ్ళేముందు ఓకుమే ఒక ముల్లంగి కడిగి, తరిగి, ఆయన బల్ల మీద పెట్టింది. పొట్టకి మంచిదని చెప్పింది. ఆయన తిన్నాడు కూడా.

మళ్ళీ అచ్చేశాను. ఎవడూ కొనలేదు. పోలీసులు విప్లవాన్ని పీకేసి ముల్లంగి కుక్కారని విద్యార్థులు మండిపడ్డారు. ఆ చలికాలం వాళ్ళ సభల్లో ఎవడో ఒకడు లేచి ముల్లంగి వర్ధిల్లాలి అంటే హాలు దద్దరిల్లేది, గోడవార నిలబడ్డ పోలీసులు రాసుకునేవాళ్ళు. ఒక కూరగాయల కొట్టువాడు ప్రకటన అచ్చెయ్యమని వస్తే, ఎందుకొచ్చిన గొడవని “తాజా ×××లు లభించును” అని వేసిచ్చాను. వాడి కొట్టు ముందు బారులు తీరారు.

తొలిమంచు పడ్డ రోజు నేను సెంజు వెళ్ళాను. ఓకుమే తొట్ల మధ్య కూర్చుని పుస్తకం చదువుతోంది, చివరి పేజీల్లో ఉంది. ఒతోజిరో పక్కన నిలబడి, ఆమె పెదాలు కదలడం చూస్తూ, కొనేవాళ్ళని పట్టించుకోవడం మానేశాడు. ఇంతలో ఒక విద్యార్థి టోపీ కళ్ళమీదికి లాక్కుని వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“అమ్మా, అది ఉందా?”

ఆమె వేలు అక్షరం మీంచి తియ్యకుండానే తలెత్తింది.

“ఏది? పేరు పెట్టి అడుగు నాయనా. లేకపోతే ఇవ్వను.”