కుర్చీలు, బల్లులు

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి అక్క చెప్పులు విడిచేసరికి ఆ ఇంటి హాల్లో అన్ని చోట్లూ నిండిపోయి ఉంటాయి. కిటికీ పక్క కుర్చీలో నాయనమ్మ. సోఫాకి ఒక చివర తమ్ముడు, రెండో చివర మరదలు, మధ్యలో మడత పెట్టాల్సిన బట్టల గుట్ట. అక్క టీకప్పు పట్టుకుని వంటింటి గుమ్మానికి భుజం ఆనించి నిలబడుతుంది. కూర్చోమని ఎవరూ అనరని కాదు. అంటారు. గుట్ట పక్కకి జరిపేలోపు సీరియల్ మొదలవుతుంది.

సీరియల్ ఉచితం. ఆ వీడియో యాప్‌కి చిల్లిగవ్వ కట్టక్కర్లేదు, మధ్యమధ్యలో ప్రకటనలు చూస్తే చాలు. ప్రకటన మొదలవగానే అందులోని మనిషి తెర దాటి గదిలోకి వచ్చి, చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెప్పి, టైము అయిపోగానే వెళ్లిపోతాడు. అన్ని ఇళ్లలోనూ అంతే. వచ్చేవాళ్ల మోకాళ్లకి తగులుతుందని జనం టీవీ ముందు టీపాయ్ వేసుకోవడం మానేశారు. వాళ్లు తెచ్చిన వస్తువులు వాళ్లతోనే పోతాయి. చేసిన పని మాత్రం ఉండిపోతుంది. బట్టల సబ్బు ప్రకటనలో ఆవిడ ఒకసారి తమ్ముడి కాలరు మీద మరక రుద్ది వెళ్లింది. సబ్బు పోయింది గాని, మరక మళ్లీ రాలేదు.

మొదట్లో వచ్చినవాళ్లంతా దూరపు మనుషులు. పెదాలు ఒకటి పలికితే మాట ఇంకొకటి వినిపించేది. మంచినీళ్లు కావాలా అని నాయనమ్మ అడిగితే నవ్వి, కారు గురించి చెప్పేవాళ్లు. ఏ భాషలో దాహమేస్తుందో పాపం అని ఆవిడ జాలిపడేది. తర్వాత యాప్ కంపెనీకి ఒక సంగతి తెలిసొచ్చింది. డబ్బు కట్టి చూసేవాళ్లు మహానగరాల్లో ఉన్నంతమందే ఉన్నారు, కొత్తగా పెరగడం లేదు. ఇలాంటి ఊళ్లలో జనం డబ్బు కట్టరు, కానీ కళ్లప్పగించి చూస్తారు. అప్పగించిన ఆ కళ్లకి కూడా ధర ఉంటుంది. దాంతో కంపెనీ ఈ ఊళ్లోనే ఒక ఆఫీసు తెరిచి, ఇక్కడి భాషలో, మూలమీది దర్జీ కూడా ఇవ్వగలిగేంత చవగ్గా ప్రకటనలు తీసుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఆఫీసులోనే అక్క ఉద్యోగం. తెర మీద పడే అక్షరాల్లో తప్పులు దిద్దడం ఆమె పని. అక్కడ అందరూ ఆమెని దిద్దుబాటక్క అంటారు. క్యాంటీన్ బోర్డు మీద తప్పు కనిపిస్తే, సుద్దముక్క దొరికేదాకా ఆమెకి టీ గొంతు దిగదు.

ఇంట్లోకి ఊరి మనుషులు రావడం మొదలయ్యాక నాయనమ్మకి పొద్దు తెలియకుండా పోయింది. కళ్లజోళ్ల దుకాణం ఆవిడ, డ్రైవింగ్ నేర్పే ఆయన, గొడుగులు బాగుచేసే అన్నదమ్ములు. పొద్దస్తమానం ఎవరో ఒకరు రావడం తమ్ముడికి విసుగనిపించి, నెలకింత కట్టేస్తే ప్రకటనలు ఉండవు, ఆ ప్లాన్ తీసుకుందామన్నాడు. నాయనమ్మ అతని వంక చాలాసేపు చూసింది.

"డబ్బులిచ్చి మరీ మనుషుల్ని మన ఇంటికి రావద్దంటామా?" అంది.

ఆ మాట మళ్లీ ఎత్తలేదు తమ్ముడు.

కుర్చీలాయన ప్రకటన వచ్చింది అక్క జలుబుతో సెలవు పెట్టిన రోజున. అందుకే దాన్ని దిద్దినవాళ్లు లేరు. యాభైకి దగ్గరపడుతున్న మనిషి, చెవి మీద పెన్సిలు, చేతిలో ఉలి, ఒంటి మీద ఎవరిదో అరువు చొక్కా. "మా దగ్గర గట్టి కుర్చీలు, గట్టి బల్లలు. ముందు కూర్చుని చూడండి, తర్వాతే కొనండి" అని తడబడకుండా చెప్పాడు. ఆ తర్వాత కొద్ది సెకన్లు తెర మీద దుకాణం చిరునామా, వెనకాల సంగీతం. ఆ కాసేపూ ఆయనకి పనిలేదు. చిరునామా పైన పెద్ద అక్షరాల్లో ఉంది: కుర్చీలు, బల్లులు చేయబడును.

గుమ్మంలోంచి అక్క ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

"మీరు బల్లులు కూడా చేస్తారా?"

ఆయన వెనక్కి తిరిగి తెర మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"లేదండి. గోడల మీద ఉన్నవే చాలు" అని, వెళ్లిపోయాడు.

అక్కకి నవ్వొచ్చింది. రేపు పొద్దున వెళ్లగానే ఆ కొమ్ము తీసేయాలనుకుంది. లకారానికి అక్కర్లేని ఒక కొమ్ము, అంతే తప్పు. కానీ ఆ సాయంత్రమే ఆయన మళ్లీ వచ్చి, చెప్పాల్సింది చెప్పేసి, నాయనమ్మ కుర్చీ కాలి కింద మడిచి పెట్టిన అట్టముక్కని చూశాడు. చూసి బాధపడ్డట్టు కనిపించాడు. ఒక్కసారి లేస్తారా అమ్మా అని అడిగాడు. ఆవిడ లేచేలోపు టైము అయిపోయింది. తర్వాతి ప్రకటనకి నాయనమ్మ ముందే లేచి, కుర్చీ తిరగేసి పెట్టుకుని ఎదురుచూసింది.

కాలు ఒక్కటే కాదు, చట్రమంతా వదులైందట. చెక్క చీలలు కొట్టాలి. తన చెక్క తెస్తే తనతోనే పోతుంది కాబట్టి, తమ్ముడి విరిగిన చెక్క హ్యాంగర్ ఒకటి తీసుకుని, వచ్చినప్పుడల్లా కొంచెం చెక్కుతూ, కొంచెం కొడుతూ పోయాడు. పని చేస్తున్నంతసేపూ అక్క ఒక మాట అడిగేది, ఆయన ఒక మాట చెప్పేవాడు. ప్రకటనకి ఒక వాక్యం చొప్పున ఆమెకి చాలా తెలిసింది. ఆయనకి జిగురంటే నమ్మకం లేదు. బస్సెక్కితే సీట్లకేసే చూస్తాడు, కిటికీలోంచి చూడడు. ఇంట్లో ఒక్కడే ఉంటాడు, అయినా నాలుగు కుర్చీలున్నాయి, రోజుకొకదాంట్లో కూర్చుని తింటాడు. ఆయనకి తెలిసింది కూడా తక్కువేమీ కాదు. దిద్దుబాటు సంగతి, సుద్దముక్క సంగతి, జలుబు తగ్గిన సంగతి.

మరదలు ఊరుకుంటుందా. సీరియల్ తిరిగి మొదలవగానే గుమ్మం వైపు తిరిగి, "వదినా, ప్రకటన అయిపోయింది. ఇక లోపలికెళ్లి కూర పని చూసుకోవచ్చు" అనేది. అందరూ ప్రకటన రాగానే లేస్తే, అక్క సీరియల్ రాగానే లోపలికి పోతోందని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆమెకి నలభై దాటాయి. సంబంధాలు చూడటం ఇంట్లో ఎప్పుడో మానేశారు. గొడవపడి కాదు. సోఫా మీద బట్టల గుట్టలాగే, జరుపుదాం, జరుపుదాం అనుకుంటూ.

ఆయనకి ఒక అలవాటుండేది. టైము అయిపోతుండగా ఏదో గుర్తొచ్చినట్టు తల తిప్పి, "ఇంతకీ మీరెప్పుడూ..." అనేవాడు. మిగతాది వినిపించేలోపు మాయమయ్యేవాడు. మళ్లీ వచ్చేసరికి చేతిలో పని ఉండేది.

ఆ కొమ్ము మాత్రం అలాగే ఉండిపోయింది. దిద్దుబాటక్కకి అంత చిన్న పని ఎందుకు కాలేదో ఆమెకి బాగా తెలుసు. దిద్దిన ప్రకటన ఎక్కిస్తే పాతది చెరిగిపోతుంది. కొత్తదాంట్లోంచి వచ్చే మనిషికి ఎవరూ గుర్తుండరు. కళ్లజోళ్లావిడ చిరునామా మారినప్పుడు అదే జరిగింది. రోజూ నాయనమ్మ చెయ్యి పట్టుకుని మాట్లాడే మనిషి, ఆ రోజు ముక్కూమొహం తెలియనట్టు, మీ చూపు ఎలా ఉందండీ అని అడిగి వెళ్లిపోయింది. నాయనమ్మ ఆ పూట సరిగా తినలేదు.

ప్రకటనలు అమ్మే ఆవిడ ఒక మధ్యాహ్నం అక్క బల్ల దగ్గరికి వచ్చి కూలబడింది. కుర్చీల దుకాణం ఆయన ఇక ప్రకటన వద్దంటున్నాడట. కొనేవాళ్లు రావడం లేదు. ఊళ్లో పిల్లలంతా వచ్చి, రెండు బల్లులు ఇవ్వండి, తోకతో సహా అని అడిగి పరిగెడుతున్నారు. పెద్దవాళ్లు బయటినుంచే నవ్వుకుని పోతున్నారు. ఆయన టీవీ చూడడు కాబట్టి ఎందుకో కూడా మొన్నటిదాకా తెలియదట.

"ఒక్క కొమ్మే కదా అక్కా. నీ కంటికి కనబడకుండా ఎలా పోయింది?" అంది ఆవిడ.

అక్క మళ్లీ తెర మీది అక్షరాల వైపు తిరిగింది. కనబడలేదనడం అబద్ధం. కనబడిందంటే ఎందుకు ఊరుకున్నావని అడుగుతుంది. ఇన్నేళ్లలో తెలిసి వదిలేసిన తప్పు అదొక్కటే. దానికి మూల్యం ఎవరో మనిషి, తనకి పరిచయం కూడా లేని మనిషి, దుకాణంలో కూర్చుని చెల్లిస్తున్నాడు.

ఆ సాయంత్రం కుర్చీలాయన వచ్చి, కుర్చీలూ బల్లలూ చెప్పేశాక, అక్క గుమ్మం దగ్గర్నుంచే అంది.

"రేపు మీ బల్లుల కొమ్ము తీసేస్తున్నాను. అలా రాసున్నన్నాళ్లూ దుకాణానికి ఎవరూ రారు."

ఆయన ఉలి ఆపాడు. దిద్దితే తాము చెరిగిపోతామని ప్రకటనలోంచి వచ్చినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"తప్పు తప్పేనండి, తీసేయాల్సిందే" అని, మళ్లీ పనిలో పడ్డాడు. "ఇంకా రెండు చీలలు మిగిలాయి."

తర్వాతి విరామంలో ఒకటి కొట్టాడు. అదే ఆ రోజుకి ఆఖరి ప్రకటన. వెళ్లబోతూ తల తిప్పి, "ఇంతకీ మీరెప్పుడూ..." అన్నాడు. సంగీతం ఆగిపోయింది. సీరియల్లో ఎవరో ఎవరినో నిలదీస్తున్నారు. ఆ పూట మరదలు లేచి వెళ్లి తనే కూర పని చూసింది.

మర్నాడు పొద్దున అక్క కుర్చీలో సర్దుకుని కూర్చుని, కొమ్ము తీసేసి, తలకట్టు పెట్టింది. బల్లలు. ఇంకొక్కసారి చదివి చూసుకుంది. ఎక్కించేసింది.

సాయంత్రం కొత్త ప్రకటన వచ్చింది. అదే అరువు చొక్కా, అదే పెన్సిలు. చెప్పాల్సింది చెప్పి, నాయనమ్మకి నమస్కారం పెట్టి, గుమ్మంలో ఉన్న అక్క వైపు దుకాణానికొచ్చిన కొత్త మనిషిని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. నాయనమ్మ చాలాసేపు కుర్చీ చేతిని నిమురుతూ కూర్చుంది. చివరికి తీర్పు చెప్పినట్టు చెప్పింది.

"చీల ఒకటి మిగిలిపోయింది పెద్దపిల్లా. దుకాణానికి పట్టుకెళ్లు. ఈ కుర్చీ సగం పనితో నన్నెంతకాలం మోస్తుంది?"

ఆదివారం అక్క కుర్చీని ఆటోలో పెట్టుకుని వెళ్లింది. దారంతా మాటలు కూడగట్టుకుంది. దుకాణంలో అప్పటికే ఇద్దరు బేరమాడుతున్నారు. ప్రకటనలో కన్నా ఆయన జుట్టు తెల్లగా ఉంది, ముక్కు మీద కళ్లజోడు కూడా ఉంది. కిటికీ అంచు మీద వేలెడంత చెక్కబల్లులు వరసగా పాకుతున్నట్టు పెట్టి ఉన్నాయి. అడిగిన పిల్లల్ని ఉత్త చేతులతో పంపడానికి మనసొప్పక చెక్కానని, ఒక్కటీ అమ్మలేదని, ఊరికే ఇచ్చేశానని బేరానికొచ్చిన వాళ్లతో చెబుతున్నాడు.

వాళ్లు వెళ్లాక ఆయన నాయనమ్మ కుర్చీని తిరగేశాడు. చీలల మీద బొటనవేలు పెట్టి రాసి చూశాడు.

"ఈ కోత నాదే. చెక్క హ్యాంగర్‌ది" అన్నాడు. ఆశ్చర్యమేమీ లేదు ఆ గొంతులో. "మీ ఇంటిక్కూడా వచ్చేవాడినన్నమాట. ఏ ఇంటికి పోతున్నానో నాకు తెలియదు గాని, పొద్దుగూకేసరికి కాళ్లు లాగేసేవి."

అక్క కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. కొమ్ము విషయం ఉన్నదున్నట్టు చెప్పేసింది. మొదటి రోజే చూశానని, తీయాల్సింది తీయలేదని, దానివల్ల మీకు బేరాలు పోయాయని. ఎందుకు తీయలేదో చెప్పడానికి మాత్రం కొంచెంసేపు పట్టింది. చెబుతున్నంతసేపూ బల్లుల వైపే చూసింది.

ఆయన డబ్బాలోంచి ఒక చీల ఏరి, కొసలు చెక్కి, కుర్చీకి దిగ్గొట్టాడు. నేలమీద నిలబెట్టి ఊపి చూశాడు. కదల్లేదు. అప్పుడు తల తిప్పాడు.

"ఇంతకీ మీరెప్పుడూ..." అన్నాడు.

అలవాటుకొద్దీ అక్క ఊపిరి బిగబట్టి, ఆయన మాయమవడం కోసం చూసింది. రోడ్డు మీద ఏదో లారీ వెళ్లింది. గోడ గడియారం ముల్లు కదిలింది. ఆయన అక్కడే ఉన్నాడు. ఆయనకీ అదే వింతగా ఉన్నట్టుంది, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"రోజూ నిద్రలేచేసరికి ఈ సగం మాట నాలుక మీద ఉంటోందండి. మిగతా సగం ఎవరినడగాలో తెలియక చచ్చాను. మీరెప్పుడూ నుంచునే ఉంటారెందుకు?"

"మా ఇంట్లో కుర్చీలు చాలవు" అంది అక్క.

ఆయన లోపలికి వెళ్లి, గోడ వారగా గుడ్డ కప్పి ఉంచిన కుర్చీ ఒకటి తెచ్చాడు. చిన్నది, వీపు కొంచెం నిటారుగా. ఒక రోజు పొద్దున్నే ఎందుకో మొదలుపెట్టి పూర్తిచేశాడట. ఎవరి కొలతో తెలియదు. కొంటామని చాలామంది కూర్చుని చూశారు. కొందరికి ఎత్తు ఎక్కువైంది, కొందరికి వెడల్పు చాలలేదు.

అక్క కూర్చుంది. పాదాలు రెండూ నిండుగా నేలకి ఆనాయి. వీపు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా తను భుజం ఎక్కడెక్కడ ఆనిస్తుందో అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఆయన నాయనమ్మ కుర్చీని పక్కకి లాగి, చీల దిగిందో లేదో చూడటానికన్నట్టు తనూ కూర్చున్నాడు.

"మీకు తొందరేం లేదుగా?" అంది అక్క.

"లేదండి" అన్నాడు. "నా తర్వాత మొదలయ్యే సీరియల్ ఏదీ లేదు."