చప్పుడు లేని చక్రాలు

నడుం వంచి, అద్దాన్ని నల్ల కారు కిందికి తోశాడు చంద్రయ్య. పొడుగాటి ఇనుప కడ్డీ చివర, మూడు చిన్న చక్రాల మీద పళ్లెమంత అద్దం. అందులో తుప్పు పట్టిన సైలెన్సరు, ఎండిన బురద కనిపించాయి. చెయ్యి ఊపాడు. కారు లోపలికి పోయింది. అందులోని మనిషి కిటికీ దించలేదు. ఎప్పుడూ దించడు.

రాయదుర్గంలోని ఆ టవరు గేటు దగ్గర పదకొండేళ్లుగా చంద్రయ్య పని ఇదే. మనుషుల ముఖాల కన్నా వాళ్ల కార్ల పొట్టలే ఆయనకు ఎక్కువ తెలుసు. వెతికేది బాంబు కోసం. అది ఒక్కసారీ దొరకలేదు. దొరికితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పనూ లేదు. ఏడో తరగతిలో బడి మానేసిన వాడికి కుర్చీ ఇవ్వడమే ఎక్కువ అనుకున్నారేమో, మూడో ఏడు అదీ తీసేశారు. గార్డు కూర్చుంటే కునుకు తీస్తాడట.

కార్ల వరస తగ్గాక గేటు పక్క గదిలోకి పోయాడు. ఫ్లాస్కు మూతలో వేడినీళ్లు పోసి, ఉప్పు కలిపి, కుక్క పక్కన చతికిలబడ్డాడు. నాలుగేళ్ల కిందట పార్కింగు టోకెన్ల డబ్బా కింద దొరికింది గనక దాని పేరు టోకెన్. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి వాలి ఉంటుంది. వెనక ఎడమకాలి గోరొకటి ఊడి అయిదు రోజులైంది. వాపు తగ్గింది. పుండు నాకకుండా, పాత నీళ్ల డబ్బా అడుగు కోసి దాని మెడకు తొడిగాడు. గుడ్డ విప్పి కాలు కడుగుతుంటే అది మూలగలేదు, ఆయన మోకాలి మీద గడ్డం ఆనించింది. ఆ మోకాలు కూడా సరైంది కాదు.

లాబీ తుడిచే వీరలక్ష్మి బకెట్టుతో అటు వచ్చింది.

"ఏంటండీ చంద్రయ్య గారూ, మీ ఆవిడ కాళ్లు ఎప్పుడైనా ఇలా కడిగారా?"

"ఆమె కాలు నేను తొక్కలే గద."

వీరలక్ష్మి బకెట్టు కింద పెట్టింది. "అంటే దీని కాలు తొక్కింది మీరా? కారెక్కిందన్నారుగా!"

చంద్రయ్య పొట్లం విప్పి పుండు మీద పసుపు అద్దాడు.

"అద్దం బండి ఎక్కింది. ఏండ్ల సంది కిర్రుకిర్రుమంటుండె. గా చప్పుడుకు ఇది లేచి పక్కకు పోయేది. ఆ పొద్దున నేనే చక్రాలకు కొబ్బరినూనె పోసిన. చప్పుడు రాలే. నేను అద్దంల జూస్తున్న, కింద జూడలే."

"నాతో అన్నారు సరే, ఆ ప్రశాంత్ సారుతో అనకండి. ఉద్యోగం ఊడుద్ది."

"అందుకే గద కారని రిజిస్టర్ల రాసిన."

నాలుగు గంటలకు భవనం మేనేజరు ప్రశాంత్ గేటు దగ్గరకొచ్చాడు. చేతిలో ఫోను, మెడలో కార్డు.

"చంద్రయ్యా, కుక్కల్ని పట్టుకుపోయే బండికి మెసేజ్ పెట్టా. ఐదుకి వస్తారు."

"కాలు మానింది సార్. చూడుండ్రి, నాలుగు కాళ్ల మీద నడుస్తుంది."

"నడక కాదయ్యా ప్రాబ్లం. కారుకి అడ్డంగా పడుకునే కుక్క మళ్లీ పడుకుంటుంది. రేపు ఏ కారైనా ఎక్కి చచ్చిందనుకో, ఫోటోలు తీసి నా మెడకి చుడతారు."

చంద్రయ్య టోకెన్ వైపు చూశాడు. అది డబ్బా గొట్టంలోంచి తల వంచి, వస్తున్న తెల్ల కారుకు దారిచ్చి పక్కకు జరిగింది.

"దానికి కార్లు ఎరుకే సార్. ఏ కారూ ఎక్కలే. నా అద్దం బండి ఎక్కింది. తప్పు నాది."

"మరి రిజిస్టర్లో కారని రాశావ్?"

"నౌకరి పోతదని."

ప్రశాంత్ కాసేపు కుక్కను చూశాడు. ఫోన్లో ఏదో కొట్టాడు. "బండి కాన్సిల్ చేశా. ఉండనీ దాన్ని," అని లోపలికి పోయాడు. చంద్రయ్య గురించి ఏమీ అనలేదు.

ఐదున్నరకు గార్డుల ఏజెన్సీ నుంచి ఫోను వచ్చింది. రేపటి నుంచి శంషాబాద్ అవతల గోదాముకు పోవాలి. అక్కడికి కార్లు రావు. నానక్‌రామ్‌గూడలోని గది నుంచి రెండు బస్సులు మారాలి.

"అట్లనే సార్," అన్నాడు చంద్రయ్య.

పాత బనీను ముక్కతో మూడు చక్రాలకూ ఉన్న నూనె తుడిచాడు. పూలకుండీలోంచి పిడికెడు మన్ను తీసి, ఇరుసుల్లోకి పోయేదాకా రుద్దాడు. బండిని టోకెన్ వైపు మెల్లగా తోశాడు. కిర్రుమంది. టోకెన్ వాలిన చెవి ఎత్తి, లేచి, పక్కకు పోయి పడుకుంది. ఇంకోసారి తోశాడు. ఇంకోసారి లేచింది.

"ఇంక రెండు దినాలు పొద్దుగాల ఉప్పునీళ్లు పెట్టమ్మా," అని పసుపు పొట్లం వీరలక్ష్మికి ఇచ్చాడు. "కొత్తోడొచ్చి చప్పుడైతుందంటే నూనె పొయ్యనియ్యకు."

"పొయ్యనివ్వనండీ." ఆమె మళ్లీ ఎగతాళి చెయ్యలేదు.

ఆరింటికి విజిలు కొక్కేనికి తగిలించి, టిఫిను డబ్బా తీసుకుని షేర్ ఆటో ఎక్కాడు. టోకెన్ గేటు కర్ర దాకా వచ్చి ఆగింది. దాన్ని దాటి అది ఎన్నడూ పోలేదు.

గేటు గది బయటి గోడకు ఆనించిన అద్దం బండి అలాగే ఉంది. మన్ను పట్టిన మూడు చక్రాల మీద, ఇన్నాళ్లూ కార్ల పొట్టలు చూసిన అద్దం ఆకాశం వైపు తిరిగి ఉంది.